బడిపంతులు రహీం సాబ్

ఏ పోటీ అయినా ఎప్పుడు రక్తి కడుతుంది? మొదట్లో కాదు, చివరి రోజుల్లో. ఎవరు మిగులుతారు, ఎవరు ఇంటిదారి పడతారు అని అందరూ వేళ్లమీద లెక్కలు వేసుకునే ఆ చివరి దినాల్లోనే ఆటగాని సత్తా, అతని వెనకున్న గురువు తెలివి బయటపడతాయి. మా మెట్‌పల్లి దిక్కు పసుపు రైతును అడిగినా ఇదే మాట చెప్తడు. ఎనిమిది తొమ్మిది నెలలు పెంచిన పంటను తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఎండబోసినప్పుడు వాన కొట్టిందంటే ధర పడిపోతుంది. ఆఖరి దాకా కావలి కాసినవానిదే పంట. ఫుట్‌బాల్ మైదానంలో అట్లా ఆఖరి దాకా కావలి కాసిన హైదరాబాదు బడిపంతులు ఒకాయన ఉన్నారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పంతులుగా పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడ పొందారు. 1940ల తొలినాళ్లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆ పదవిని ఆయన కుర్చీలో కూర్చోవడానికి వాడుకోలేదు. బంతిని కాళ్ల దగ్గరే పెట్టుకొని విన్యాసాలు చేసే అలవాటు మాన్పించడానికి డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు పెట్టించారు. ఎడమకాలు పనిచేయనివాని చేత ఎడమకాలితోనే ఆడించారు. లెక్క రాని పిల్లవాని చేత మళ్లీ మళ్లీ అదే లెక్క చేయించే పంతులు పద్ధతి ఇది!

దాని ఫలితం దేశమంతా చూసింది. ఆయన తర్ఫీదు ఇచ్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును ఎవరికీ వదలలేదు. భారత జట్టు బాధ్యత కూడ ఆయనకే అప్పగించారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చారు. మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడారు. మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడిన రోజులవి. ఇంకెవరైనా అయితే అక్కడే కుంగిపోయేవారు. రహీం సాబ్ ఆ ఓటమిని పాఠంగా చదువుకున్నారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ముదురుతున్నది. ఆగస్టు 26న తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. గ్రూపులో నాలుగు జట్లు, ముందుకు పోయేవి రెండే. ఇంకొక్క మ్యాచ్ పోతే దాదాపు ఇంటికే! థాయిలాండ్‌ను 4-1తో గెలిచాం గాని, రక్షణకు గోడలాంటి జర్నైల్ సింగ్ తలకు దెబ్బతగిలి కుట్లు పడ్డాయి. అతను లేకుండానే జపాన్‌ను 2-0తో దాటాం. సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ రెండు మ్యాచుల్లోనూ గోల్ కొట్టాడు.

సెమీఫైనల్‌కు రహీం సాబ్ ఎవరూ ఊహించని పని చేశారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను వెనక రక్షణలో గాక ముందు వరుసలో దింపారు. జర్నైల్ గోల్ కొట్టాడు, దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచాం. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ అదే కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానీయకపోవడాన్ని మన దేశ క్రీడాధికారి తప్పుపట్టారని జకార్తా జనం మనమీద మండిపడుతున్నారు. స్టేడియమంతా మనకు ఎదురే. అయినా పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో స్వర్ణం మనదయింది.

అదే 1962లో అమెరికా బేస్‌బాల్ నేషనల్ లీగ్ కూడ చివరి ఘడియ దాకా సాగింది. 162 మ్యాచులు అయినాక శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్, లాస్ ఏంజిల్స్ డాడ్జర్స్ చెరి 101 గెలిచి సమానంగా నిలిచారు. మరి మూడు మ్యాచులు ఆడితే గాని జెయింట్స్ విజేతగా తేలలేదు. వాళ్లకు తప్పు దిద్దుకోను దాదాపు ఆరు నెలలు దొరికాయి. రహీం సాబ్‌కు దొరికినవి పది రోజులు!

ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు. 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆయన పోయినాక ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు దక్కింది 1970 నాటి కాంస్యం ఒక్కటే. ఆటగాళ్లు లేక కాదు, పంతులు లేక.

మిత్రులారా! అంతర్ కళాశాల పోటీల్లో మొదటి మ్యాచ్ ఓడగానే సామాను సర్దుకునే అలవాటు మనకుంది. మొదటి పరీక్ష చెడిపోతే మిగతావి రాయకుండా ఊరికి బస్సెక్కేవాళ్లూ మనలో ఉన్నారు. రహీం సాబ్ గెలిచింది మొదటి మ్యాచ్ కాదు. ఆఖరిది.