మంచు ఖండంలో మట్టి కోసం

వుల్ఫ్ విష్నియాక్ 1922లో బెర్లిన్‌లో పుట్టారు. అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీలో సూక్ష్మజీవశాస్త్రం చెప్పేవారు. అంగారకుడి మట్టిలో జీవం ఉందో లేదో తేల్చే పరికరం తయారుచేశారు. మట్టిని పోషక ద్రవంలో వేస్తే, అందులో జీవులుంటే పెరిగి ద్రవం మసకబారుతుంది. ఖర్చు ఎక్కువవుతోందని నాసా దాన్ని వైకింగ్ నౌక నుంచి తీసేసింది.

ఆయన ఊరుకోలేదు. భూమ్మీద అంగారకుడిని పోలిన చోటు అంటార్కిటికాలోని పొడి లోయలు. అక్కడ కొన్నిచోట్ల మట్టిలో జీవమే లేదని కొందరు శాస్త్రవేత్తలు చెప్పేశారు. ఈయన వెళ్లి వెతికారు. 1973 డిసెంబరు 10న, మట్టిలో పెట్టి వచ్చిన పరికరాలు తెచ్చుకోడానికి ఒంటరిగా వెళ్లి, కొండవాలు మీంచి పడి చనిపోయారు. అప్పటికి 51 ఏళ్లే.

భార్య హెలెన్ కూడా సూక్ష్మజీవశాస్త్రవేత్తే. ఆయన సేకరించిన మట్టిని ఆమె పరీక్షించారు. అంతవరకూ ఎవరికీ తెలియని ఈస్ట్ అందులో దొరికింది. దానికి విష్నియాక్ పేరే పెట్టారు.