చార్లీ పార్కర్

చార్లీ పార్కర్ (ఆగష్టు 29, 1920 - మార్చి 12, 1955) అమెరికా దేశానికి చెందిన సుప్రసిద్ధ జాజ్ సంగీత విద్వాంసుడు, స్వరకర్త. ఇతని పూర్తి పేరు చార్లెస్ పార్కర్ జూనియర్. ఆల్టో సాక్సోఫోన్ వాదనలో ఇతడు అసమాన ప్రతిభావంతునిగా పేరు పొందాడు. 1940 దశకంలో బీబాప్ అనే నూతన జాజ్ శైలిని రూపొందించిన వారిలో డిజీ గిలెస్పీతో పాటు ఇతడు ముఖ్యుడు. అభిమానులు ఇతనిని యార్డ్‌బర్డ్ అనీ, క్లుప్తంగా బర్డ్ అనీ పిలిచేవారు.

పార్కర్ ఒక పాటను ఒకసారి వాయించినట్లు మరొకసారి వాయించేవాడు కాదు. అందువలన అతని జీవితకాలంలో విడుదలైన రికార్డులతో పాటు స్టూడియోలలో పక్కన పెట్టిన టేకులు, క్లబ్బులలో అభిమానులు రికార్డు చేసుకున్న వాద్యభాగాలు, రేడియో నుండి ఇండ్లలో పట్టుకున్న ప్రసారాలు కూడా అతని కృషిలో భాగంగా పరిగణింపబడుతున్నాయి. వీటి సేకరణ అతని మరణానంతరం దశాబ్దాల పాటు సాగింది.

బాల్యం

పార్కర్ కాన్సస్ రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో జన్మించాడు. తండ్రి చార్లెస్ పార్కర్, తల్లి ఆడీ. తరువాత ఈ కుటుంబం నదికి ఆవలి వైపున మిస్సోరీ రాష్ట్రంలో ఉన్న కాన్సస్ సిటీకి తరలివెళ్ళింది. తండ్రి ఇంటికి దూరం కాగా తల్లి రాత్రివేళల్లో ఉద్యోగం చేసి కుమారుని పెంచింది. ఆమె కొనిచ్చిన సాక్సోఫోన్‌తోనే ఇతని సంగీతాభ్యాసం ఊపందుకున్నది. లింకన్ హైస్కూలులో చేరిన పార్కర్ 1935లో చదువు మానివేసి పూర్తిగా సంగీతానికి అంకితమయ్యాడు. 1936లో రెబెకా రఫిన్‌ను వివాహం చేసుకున్నాడు.

ఆ కాలంలో కాన్సస్ సిటీ క్లబ్బులలో తెల్లవారేవరకు జాజ్ కచేరీలు జరిగేవి. 1936లో రెనో క్లబ్బులో పెద్దల సరసన వాయించబోయి పార్కర్ తడబడినప్పుడు, డ్రమ్ము వాద్యకారుడు జో జోన్స్ తన తాళపు పళ్ళెం తీసి అతని కాళ్ళవద్ద విసిరాడని ప్రసిద్ధి. ఈ అవమానం తరువాత ఇతడు పట్టుదలతో సాధన చేశాడు. 1937 వేసవిలో ఓజార్క్ కొండప్రాంతంలో ఒక బృందంలో వాయిస్తూ, తన వెంట తీసుకువెళ్ళిన కౌంట్ బేసీ బృందపు రికార్డులలో లెస్టర్ యంగ్ వాదనను పదే పదే విని, స్వరం స్వరంగా నేర్చుకున్నాడు. ఆ విధంగా ఇతని గురువులలో గ్రామఫోను రికార్డు కూడా ఒకటి.

1936లో ఇదే ప్రాంతానికి వెళ్తుండగా జరిగిన కారు ప్రమాదంలో పార్కర్ గాయపడ్డాడు. నొప్పి నివారణకు మార్ఫిన్ వాడవలసి వచ్చింది. యౌవనంలోనే పట్టుకున్న మాదకద్రవ్యాల వ్యసనం ఇతనిని జీవితాంతం వదలలేదు.

సంగీత శైలి

జాజ్ కచేరీలో వాద్యకారులు సాధారణంగా ముందుగా పాట వరుసను వినిపించి, ఆ తరువాత ఆ పాటకు ఆధారమైన కార్డుల క్రమంపై అప్పటికప్పుడు సొంత కల్పనతో వాయిస్తారు. కార్డు అనగా ఒకేసారి పలికే కొన్ని స్వరాల సమూహం. కర్ణాటక సంగీతంలోని మనోధర్మాన్ని, ముఖ్యంగా కల్పనాస్వరాలను ఎరిగినవారికి ఈ పద్ధతి సులభంగా బోధపడుతుంది. అయితే అక్కడ రాగం ఆధారం, ఇక్కడ నిర్ణీత క్రమంలో మారుతూ ఉండే కార్డులు ఆధారం.

1939లో న్యూయార్క్ చేరిన పార్కర్ కొంతకాలం ఒక భోజనశాలలో గిన్నెలు కడిగే పనిచేశాడు. అక్కడ పియానో విద్వాంసుడు ఆర్ట్ టేటమ్ వాయించేవాడు. ఆ రోజులలోనే "చెరోకీ" అనే పాటను సాధన చేస్తూ, కార్డులలోని పైస్వరాలను ఆధారంగా చేసుకొని కొత్త వరుసలు అల్లే మార్గాన్ని కనుగొన్నాడు. మహావేగంలో కూడా స్పష్టత చెడకుండా, ఊహకు అందని చోట మొదలై ఊహకు అందని చోట ముగిసే వాక్యాలతో వాయించడం ఇతని ప్రత్యేకత.

తొలి రికార్డులు

కాన్సస్ సిటీకి తిరిగివచ్చిన పార్కర్ జే మెక్‌షాన్ బృందంలో చేరాడు. 1940 నవంబరు, డిసెంబరు నెలలలో ఈ బృందం విచిటా నగరంలోని ఒక రేడియో కేంద్రంలో వాయించిన పాటలను అభిమానులు డిస్కులపై భద్రపరిచారు. ఇవి బయటి ప్రపంచానికి అందడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 1941 ఏప్రిల్ 30న డాలస్ నగరంలో డెక్కా సంస్థ కొరకు చేసిన "హూటీ బ్లూస్" తదితరాలు ఇతని మొదటి వాణిజ్య రికార్డులు.

1942 ఆగష్టు 1 నుండి అమెరికా సంగీతకారుల సమాఖ్య రికార్డు సంస్థలకు వ్యతిరేకంగా సమ్మె చేసింది. పార్కర్, గిలెస్పీ ఇద్దరూ సభ్యులుగా ఉన్న ఎర్ల్ హైన్స్ బృందం ఆ సమయంలో స్టూడియోలో అడుగుపెట్టలేదు. బీబాప్ రూపుదిద్దుకుంటున్న దశ చాలావరకు ఈ విధంగా గాలిలో కలిసిపోయింది. 1943 ఫిబ్రవరిలో చికాగోలోని ఒక హోటలు గదిలో బాబ్ రెడ్‌క్రాస్ అనే మిత్రుడు వీరిద్దరి వాదనను డిస్కులపై రికార్డు చేసి దాచాడు. అందులో పార్కర్ టెనర్ సాక్సోఫోన్ వాయించాడు. ఆ కాలానికి మిగిలిన అరుదైన సాక్ష్యాలలో ఇది ఒకటి. 1944లో పార్కర్ చేసిన "రెడ్ క్రాస్" అనే స్వరరచనకు ఈ మిత్రుని పేరే పెట్టాడు.

స్టూడియో టేకులు

అప్పటి 78 వేగపు రికార్డుకు ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. స్టూడియోలో ఒక పాటను అనేకసార్లు వాయించి, వాటిలో బృందం మొత్తం తప్పులేకుండా వాయించిన టేకును విడుదలకు ఎంపిక చేసేవారు. మిగిలినవి ప్రత్యామ్నాయ టేకులు. వాటిని కొన్ని సంస్థలు దాచేవి, కొన్ని పారవేసేవి. పార్కర్ విషయంలో ఈ ఎంపిక కష్టమైనది. బృందమంతా కుదురుకొనేసరికి ఇతని సోలో ఐదవసారి మారిపోయేది. మొదటి టేకులో ఇతడు అద్భుతంగా వాయించినా సహవాద్యకారుల పొరపాటు వలన అది పక్కకు పోయేది.

1945 నవంబరు 26న న్యూయార్క్‌లో సవోయ్ సంస్థ కొరకు జరిగిన రికార్డింగు ఇందుకు మంచి ఉదాహరణ. ఆనాడు మైల్స్ డేవిస్, డిజీ గిలెస్పీ, మాక్స్ రోచ్, కర్లీ రస్సెల్ ఇతనితో వాయించారు. "బిల్లీస్ బౌన్స్" ఐదు టేకులు తీయగా ఐదవది విడుదలైంది. "కోకో" మొదటి టేకులో ఉపోద్ఘాతం తరువాత "చెరోకీ" పాట వరుస మొదలై, మధ్యలో ఆగిపోయింది. ఆ వరుస వినిపిస్తే పాట హక్కుదారులకు సొమ్ము చెల్లించవలసి వచ్చేది. తరువాతి టేకులో వరుసను విడిచి కార్డులను మాత్రమే ఉంచి వాయించారు. ఆ విధంగా "కోకో" అనే కొత్త రచన అవతరించింది. ఆగిపోయిన టేకు భద్రంగా ఉన్నందుననే ఈ పరిణామాన్ని నేడు చెవులారా వినగలుగుతున్నాము.

1946లో రాస్ రస్సెల్ లాస్ ఏంజిలెస్‌లో డయల్ అనే చిన్న రికార్డు సంస్థను స్థాపించాడు. మార్చి 28న జరిగిన రికార్డింగులో "ఎ నైట్ ఇన్ ట్యునీసియా" మొదటి టేకులో పార్కర్ తోడు లేకుండా వాయించిన చిన్న విరుపు అందరినీ ఆశ్చర్యపరిచింది. టేకు మొత్తం పనికిరాకపోయినా రస్సెల్ ఆ తునకను మాత్రం దాచి, తరువాత "ఫేమస్ ఆల్టో బ్రేక్" పేరుతో విడుదల చేశాడు. డయల్ సంస్థ ప్రత్యామ్నాయ టేకులను కూడా అమ్మకానికి పెట్టింది. "ఆర్నిథాలజీ" వేరొక టేకు "బర్డ్ లోర్" అనే పేరుతో వెలువడింది. 1947 అక్టోబరు 28న వాయించిన "ఎంబ్రేసబుల్ యు" రెండు టేకులు దీనికి పరాకాష్ఠ. ఒకే పాట, ఒకే రోజు, ఒకే బృందం అయినప్పటికీ రెండింటిలోని సోలోలు వేరువేరు రచనలవలె ఉంటాయి.

లవర్ మాన్ వివాదం

లాస్ ఏంజిలెస్‌లో పార్కర్ ఆరోగ్యం క్షీణించింది. డయల్ నుండి రావలసిన రాయల్టీలో సగం తనకు మాదకద్రవ్యాలు అమ్మే వ్యక్తికి వ్రాసి ఇచ్చాడు. "మూస్ ద మూచ్" అనే రచన పేరు ఆ వ్యక్తిదే. 1946 జూలై 29న నిలబడే శక్తి కూడా లేని స్థితిలో "లవర్ మాన్" పాటను వాయించాడు. అదే రాత్రి హోటలులో అగ్నిప్రమాదం జరిగి, పోలీసులు ఇతనిని నిర్బంధించారు. తరువాత కామరిల్లో మానసిక వైద్యశాలలో ఆరు నెలలు చికిత్స పొందాడు.

రస్సెల్ ఆ రికార్డును విడుదల చేసినందుకు పార్కర్ తీవ్రంగా బాధపడ్డాడు. శ్రోతలలో కొందరు దానిని హృదయవిదారకమైన గొప్ప వాదనగా మెచ్చుకున్నారు. ఇతనికి మాత్రం అది తన పతనానికి గుర్తు. కళాకారుడు వద్దన్న దానిని లోకానికి వినిపించవచ్చునా అనే ప్రశ్న జాజ్ సేకర్తల మధ్య నేటికీ ఈ రికార్డుతోనే మొదలవుతుంది.

డీన్ బెనెడెట్టి సేకరణ

డీన్ బెనెడెట్టి (1922-1957) స్వయంగా సాక్సోఫోన్ వాద్యకారుడు, పార్కర్ వీరాభిమాని. 1947 మార్చి 1 నుండి 13 వరకు లాస్ ఏంజిలెస్‌లోని హై డి హో క్లబ్బులో పార్కర్ కచేరీలను డిస్కులు కోసే యంత్రంతో రికార్డు చేశాడు. 1948లో న్యూయార్క్‌లో ఇదే పనిని కాగితపు టేపుపై కొనసాగించాడు. డిస్కులు ఖరీదైనవి కావడం వలన, తనకు కావలసింది పార్కర్ వాదన మాత్రమే కావడం వలన, ఇతరులు వాయించేటప్పుడు యంత్రాన్ని ఆపివేసేవాడు. అందుచేత ఈ సేకరణలోని అనేక భాగాలు హఠాత్తుగా మొదలై హఠాత్తుగా ముగుస్తాయి. సహవాద్యకారుల కృషి చాలావరకు అందులో లేదు.

బెనెడెట్టి 1953లో ఇటలీ వెళ్ళి అక్కడే మరణించాడు. 1973లో రస్సెల్ వ్రాసిన పార్కర్ జీవితచరిత్ర వలన ఇతడు తీగ రికార్డరు పట్టుకొని పార్కర్ వెంట ఊరూరా తిరిగాడనే కథ వ్యాపించింది. అసలు డిస్కులు, టేపులు బెనెడెట్టి సోదరుని వద్ద లభ్యమైన తరువాత ఆ కథలో వాస్తవం తక్కువని తేలింది. వాటిని మొజాయిక్ సంస్థ శుభ్రపరచి 1990లో 7 సీడీలుగా విడుదల చేసింది. మూడు నిమిషాల పరిమితి లేనప్పుడు పార్కర్ ఎంత ధారాళంగా వాయించేవాడో తెలుసుకోవడానికి ఇటువంటి క్లబ్బు రికార్డులే ఆధారం.

చివరి సంవత్సరాలు, మరణం

1947 నుండి పార్కర్ న్యూయార్క్‌లో సొంత బృందంతో అత్యున్నత స్థాయిని అందుకున్నాడు. 1948-49లో రాయల్ రూస్ట్ క్లబ్బు నుండి ప్రసారమైన ఇతని కచేరీలను శ్రోతలు రేడియో నుండి రికార్డు చేసుకున్నారు. 1949లో పారిస్ జాజ్ ఉత్సవంలో పాల్గొన్నాడు. అదే సంవత్సరం నిర్మాత నార్మన్ గ్రాంజ్ ఆధ్వర్యంలో తంత్రీవాద్య బృందంతో చేసిన రికార్డులు విశేష ప్రజాదరణ పొందాయి. 1949 డిసెంబరులో ఇతని పేరుమీదుగా న్యూయార్క్‌లో బర్డ్‌లాండ్ క్లబ్బు వెలిసింది.

1951లో పోలీసులు క్లబ్బులలో వాయించడానికి అవసరమైన అనుమతి పత్రాన్ని రద్దు చేయడంతో న్యూయార్క్‌లో ఇతని జీవనోపాధి దెబ్బతిన్నది. 1953 మే 15న టొరంటో నగరంలోని మాసే హాలులో గిలెస్పీ, బడ్ పవెల్, చార్లెస్ మింగస్, మాక్స్ రోచ్‌లతో కలిసి ప్లాస్టిక్ సాక్సోఫోన్‌పై వాయించాడు. అదే రాత్రి ప్రపంచ బాక్సింగ్ పోటీ ఉండడంతో సభలో చాలా కుర్చీలు ఖాళీగా మిగిలాయి. గ్రాంజ్‌తో ఒప్పందం ఉన్నందున ఆ కచేరీ రికార్డుపై ఇతని పేరును చార్లీ చాన్ అని ముద్రించారు.

1954 మార్చిలో చిన్నారి కుమార్తె ప్రీ మరణం ఇతనిని కృంగదీసింది. 1955 మార్చి 5న బర్డ్‌లాండ్‌లో చివరిసారిగా వాయించాడు. మార్చి 12న న్యూయార్క్‌లోని స్టాన్‌హోప్ హోటలులో, సంగీతకారుల పోషకురాలు పన్నోనికా గదిలో టెలివిజన్ చూస్తూ కన్నుమూశాడు. మృతదేహాన్ని పరీక్షించిన వైద్యుడు వయస్సు 50 దాటి ఉంటుందని అంచనా వేశాడు. అప్పటికి పార్కర్ వయస్సు 34 సంవత్సరాలు. ఇతనిని కాన్సస్ సిటీ సమీపంలోని లింకన్ శ్మశానవాటికలో ఖననం చేశారు.

మరణానంతర విడుదలలు

1970 దశకంలో బ్రిటన్‌కు చెందిన స్పాట్‌లైట్ సంస్థ డయల్ టేకులన్నింటినీ వరుసగా విడుదల చేసింది. సవోయ్ స్టూడియో టేకులు 1978లో సంపూర్ణంగా వెలువడ్డాయి. గ్రాంజ్ నిర్మించిన రికార్డుల సంపూర్ణ సంకలనం 1988లో 10 సీడీలుగా వచ్చింది. 1945 జూన్ 22న టౌన్ హాలులో పార్కర్, గిలెస్పీ చేసిన కచేరీ డిస్కులు బయటపడి 2005లో విడుదలయ్యాయి. 2016లో "అన్‌హర్డ్ బర్డ్" పేరుతో అసంపూర్ణ టేకులతో సహా 69 భాగాలు, 2024లో "బర్డ్ ఇన్ కాన్సస్ సిటీ" పేరుతో అరుదైన రికార్డులు వెలువడ్డాయి.

ఈ సేకరణపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఒకే పాటను వరుసగా ఐదుసార్లు వినడం సామాన్య శ్రోతకు విసుగు కలిగిస్తుందనీ, కళాకారుడు తిరస్కరించిన దానిని గౌరవించాలనీ కొందరి వాదన. అనుమతి లేకుండా వెలువడిన అనేక రికార్డుల వలన పార్కర్‌కు గానీ వారసులకు గానీ ప్రతిఫలం దక్కలేదనేది మరొక విమర్శ. సాక్సోఫోన్ నేర్చుకునే విద్యార్థులకు మాత్రం ఈ టేకులు పాఠ్యగ్రంథాల వంటివి. ఒకే కార్డుల వరుసపై ఎన్ని విధాలుగా ఆలోచించవచ్చునో, ఒక తప్పు తరువాత వాదన ఏ దారి పట్టినదో వాటిలో తెలుస్తుంది.

గుర్తింపు

విచిటా రికార్డులతో వెలువడిన "ఫస్ట్ రికార్డింగ్స్" సంకలనానికి 1974 సంవత్సరపు గ్రామీ పురస్కారం లభించింది. జీవించి ఉండగా రాని ఆ గౌరవం, ఇరవై ఏళ్ళ వయస్సులో వాయించి మరుగునపడిన పాటలకు దక్కడం విశేషం. 1984లో గ్రామీ జీవిత సాఫల్య పురస్కారం ప్రకటించారు. 1988లో క్లింట్ ఈస్ట్‌వుడ్ దర్శకత్వంలో "బర్డ్" చలనచిత్రం వచ్చింది. అందులో పాత రికార్డుల నుండి పార్కర్ వాదనను వేరుచేసి, దానికి కొత్త వాద్యకారుల సహకారాన్ని జోడించారు. 1995లో అమెరికా తపాలా శాఖ ఇతని స్మారకార్థం తపాలా బిళ్ళను విడుదల చేసింది. 2002లో "కోకో" అమెరికా జాతీయ రికార్డింగుల జాబితాలో స్థానం పొందింది. మాసే హాలులో వాయించిన ప్లాస్టిక్ సాక్సోఫోన్‌ను 1994లో లండన్ వేలంలో కాన్సస్ సిటీ నగరం కొనుగోలు చేసింది. తరువాత దానిని ఆ నగరంలోని అమెరికన్ జాజ్ మ్యూజియంలో ప్రదర్శనకు ఉంచారు.