పుట్టింది బొంబాయిలో.. చెప్పింది టాస్మానియా అని! హాలీవుడ్ హీరోయిన్ గుట్టు విప్పిన పాత రిజిస్టర్

అది 1978. ఆస్ట్రేలియాలోని టాస్మానియా రాష్ట్ర రాజధాని హోబర్ట్ ఓ హాలీవుడ్ స్టార్ కోసం ఎదురుచూస్తోంది. తమ ఊళ్లో పుట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఆడబిడ్డ ఇన్నేళ్లకు సొంతగడ్డకు వస్తోందని అక్కడివాళ్ల సంబరం. టౌన్‌హాల్‌లో మేయర్ ఆమె గౌరవార్థం కార్యక్రమం పెట్టారు. తీరా అది మొదలయ్యే ముందు ఆయనకు ఓ చేదు నిజం తెలిసింది. ఆమె టాస్మానియాలో పుట్టిందని చెప్పే కాగితం ఒక్కటి కూడా లేదు. పిలిచాక ఏం చేస్తారు? పరువు పోకూడదని కార్యక్రమం కానిచ్చేశారు.

అటు ఆ నటి కూడా దారిలోనే కథ మార్చేశారు. చిన్నప్పుడు తండ్రితో ఓడలో వెళ్తుంటే ఆయనకు జబ్బు చేసిందని, వైద్యం కోసం హోబర్ట్‌లో దిగామని, అలా కొన్నాళ్లు అక్కడ ఉన్నానని కారు నడిపే వ్యక్తితో చెప్పుకొచ్చారు. ఆ తర్వాత మిగిలిన రోజులు హోటల్‌లోనే గడిపేశారు.

ఆమె పేరు మెర్ల్ ఒబెరాన్. 1939లో వచ్చిన వుదరింగ్ హైట్స్ సినిమాలో లారెన్స్ ఒలివియర్ పక్కన క్యాథీగా నటించింది ఈమే. అంతకుముందే 1935 నాటి ది డార్క్ ఏంజెల్ సినిమాకు ఉత్తమ నటిగా ఆస్కార్ నామినేషన్ అందుకున్నారు. ఆ అవార్డు బెటీ డేవిస్‌కు వెళ్లింది. 2023లో మిషెల్ యో పేరు ఇదే విభాగంలో వచ్చినప్పుడు, ఆసియా మూలాలున్న తొలి నటి అనే మాట దగ్గర చాలామంది ఆగాల్సి వచ్చింది. ఎందుకంటే దాదాపు 90 ఏళ్ల కిందటే మెర్ల్ ఆ జాబితాలో ఉన్నారు. కాకపోతే తాను ఆసియా మనిషినని ఆమె చెప్పలేదు. చెప్పే పరిస్థితి లేదు.

ఇంతకీ ఆమె ఎవరు?

1911 ఫిబ్రవరి 19న బొంబాయిలో పుట్టారు. అసలు పేరు ఎస్టెల్ మెర్ల్ ఓబ్రైన్ థాంప్సన్. ఇంట్లో పిలుపు క్వీనీ. అదే ఏడాది బ్రిటన్ రాణి మేరీ భర్త జార్జ్ రాజుతో కలిసి ఢిల్లీ దర్బార్‌కు వచ్చారు కదా, ఆ ముద్దుపేరు అలా వచ్చిందంటారు. తండ్రిగా చెప్పే ఆర్థర్ థాంప్సన్ ఇంగ్లండ్‌లోని డార్లింగ్టన్ నుంచి వచ్చి ఇక్కడి రైల్వేలో పనిచేసిన ఇంజినీరు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి, న్యుమోనియాతో చనిపోయారు. పెంచిన తల్లి షార్లెట్ సెల్బీ. సిలోన్ నుంచి వచ్చిన మిశ్రమ వంశపు మహిళ. ఆమెకు కాన్‌స్టన్స్ అనే కూతురు కూడా ఉంది. మెర్ల్‌కు అక్క అన్నమాట. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, అసలు కథ ఈమె దగ్గరే ఉంది.

1917లో కుటుంబం కలకత్తా చేరింది. లా మార్టినియర్ బాలికల స్కూల్లో స్కాలర్‌షిప్ మీద సీటు దొరికింది కానీ, తోటి పిల్లల ఎగతాళి భరించలేక చదువు మానేసింది. అటు దొరలూ కాదు, ఇటు దేశీయులూ కాదు అన్నట్టుండేది ఆంగ్లో ఇండియన్ల బతుకు. లాలాగూడ, కాజీపేట, బిట్రగుంట రైల్వే కాలనీల పాత తరానికి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

క్వీనీ టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసింది. ఔత్సాహిక నాటక సమాజంలో చేరింది. 1929లో ఫిర్పో రెస్టారెంట్‌లో ఒకప్పటి నటుడు బెన్ ఫినీతో పరిచయమైంది. ఇంటికొచ్చి షార్లెట్ ముఖం చూశాక ఆయన మనసు మారింది. నల్లగా ఉన్న తల్లిని చూసి పిల్ల వంశం ఏంటో ఆయనకు అర్థమైపోయింది. సంబంధం తెంచుకోవాలనుకున్నాడు కానీ, ఫ్రాన్స్ వస్తే దర్శకుడు రెక్స్ ఇంగ్రామ్‌కు పరిచయం చేస్తానని మాటిచ్చాడు. తల్లీకూతుళ్లు ఓడెక్కి వెళ్లేసరికి మనిషి జాడ లేదు. ఇంగ్రామ్‌కు మాత్రం ఒక మాట చెప్పి ఉంచాడట. చిన్న వేషాలు దొరికాయి. అక్కడి నుంచి లండన్.

లండన్‌లో నిర్మాత అలెగ్జాండర్ కోర్డా కంట్లో పడటంతో దశ తిరిగింది. 1933లో ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్ సినిమాలో యాన్ బొలీన్ పాత్ర. నిడివి చిన్నదే అయినా పేరొచ్చింది. 1939లో కోర్డానే పెళ్లాడారు. 1942లో ఆయనకు సర్ బిరుదు రావడంతో కలకత్తా టెలిఫోన్ ఆపరేటర్ కాస్తా లేడీ కోర్డా అయ్యారు.

టాస్మానియా కథ పుట్టింది కోర్డా ప్రచార విభాగంలోనే. ఎక్కడో భూగోళం చివర ఉండే ద్వీపం. లండన్ నుంచి గానీ హాలీవుడ్ నుంచి గానీ వెళ్లి ఆరా తీసేవాళ్లు ఎవరుంటారు? పైగా అచ్చమైన బ్రిటిష్ జనం ఉండే చోటని పేరు. గొప్పింటి తెల్లవాళ్ల అమ్మాయి అని రాసేశారు. మరి బర్త్ సర్టిఫికెట్ ఏదంటే, అగ్నిప్రమాదంలో కాలిపోయిందన్నారు.

అబద్ధం ఆడాల్సిన అవసరమేంటి అని ఇప్పుడు అడగడం తేలికే. కానీ అప్పటి అమెరికా వేరు. 1917 చట్టం ఆసియాలోని చాలా ప్రాంతాల నుంచి వలసలకు తలుపులు మూసేసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వ అర్హత లేదని తేల్చేసింది. 1946 దాకా అదే పరిస్థితి. సినిమాల్లోనూ అంతే. చైనా మూలాలున్న అన్నా మే వాంగ్ అంతటి స్టార్‌ను కాదని, ది గుడ్ ఎర్త్ సినిమాలో చైనా రైతు భార్య పాత్రను తెల్లజాతి నటి లూయిస్ రైనర్‌కు ఇచ్చారు. రంగు బయటపడితే మెర్ల్ హీరోయిన్ వేషాలు అక్కడితో ఆగిపోయేవి.

దీనికి కట్టిన మూల్యం మాత్రం మామూలుది కాదు. పెంచిన షార్లెట్ లండన్‌లో ఆమెతోనే ఉండేవారు. ఇంటికి వచ్చేవాళ్లు మాత్రం ఆమెను భారత్ నుంచి వచ్చిన పనిమనిషి అనుకునేవారు. 1937లో షార్లెట్ చనిపోయారు. 1949లో పాత ఫొటో ఇచ్చి షార్లెట్ బొమ్మను పెయింటింగ్ వేయించుకున్నారు మెర్ల్. అందులో ఒంటి రంగు తెల్లగా ఉండేలా చూశారు. చనిపోయేదాకా ఏ ఇంటికి మారినా ఆ పటం గోడ మీద ఉండాల్సిందే.

కాలిపోని కాగితం

మెర్ల్ 1979 నవంబర్ 23న కాలిఫోర్నియాలోని మాలిబులో పక్షవాతంతో కన్నుమూశారు. అప్పటికీ గుట్టు బయటపడలేదు. 1983లో వచ్చిన జీవితచరిత్రలో ఆమె ఆంగ్లో ఇండియన్ అని తేలింది. రచయితలకు దారి చూపినవి బొంబాయి జనన నమోదు, చర్చిలోని బాప్టిజం పత్రం, బంధువుల దగ్గరి ఉత్తరాలు, ఫొటోలు.

నిజానికి బ్రిటిష్ కాలంలో ఇక్కడి యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్ల వివరాలు దాచడం అంత సులువేం కాదు. చర్చిలో బాప్టిజం జరిగితే బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తండ్రి ఉద్యోగం రిజిస్టర్‌లో రాసేవారు. దాని నకలు లండన్‌కు వెళ్లేది. బెంగాల్, మద్రాస్, బొంబాయి ప్రెసిడెన్సీల వారీగా ఆ సంపుటాలు ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మచిలీపట్నం, విశాఖపట్నం చర్చిల్లో జరిగిన బాప్టిజాల కోసం వెతికేవాళ్లు చూసేది మద్రాస్ సంపుటాలనే. మెర్ల్ కాలిపోయాయన్నది టాస్మానియా కాగితాల గురించి. ఎప్పుడూ లేనివి ఎలా కాలతాయి? బొంబాయివి మాత్రం భద్రంగా ఉన్నాయి.

అయినా 1983 పుస్తకం సగం నిజమే చెప్పింది. తల్లి షార్లెట్ అనే నమ్మింది. మిగతా సగం కాన్‌స్టన్స్ కొడుకుల్లో ఒకరికి తెలుసు. కెనడాలో స్థిరపడిన ఆయన బొంబాయి ప్రభుత్వ రికార్డుల్లో మెర్ల్ బర్త్ సర్టిఫికెట్ వెతికి పట్టుకున్నారు. తల్లి పేరు ఉన్న చోట షార్లెట్ లేదు. కాన్‌స్టన్స్ ఉంది.

అంటే మెర్ల్ అమ్మ అనుకున్న షార్లెట్ ఆమెకు అమ్మమ్మ. అక్క అనుకున్న కాన్‌స్టన్స్ కన్నతల్లి. ఇక ఆయన తన పిన్ని అనుకున్న హాలీవుడ్ స్టార్ సాక్షాత్తు సొంత అక్క. మెర్ల్ పుట్టేనాటికి కాన్‌స్టన్స్ ఇంకా చిన్నపిల్ల. నలుగురిలో పరువు పోకూడదని షార్లెట్ ఆ బిడ్డను తన బిడ్డగా పెంచారు. ఒక రకంగా చూస్తే కోర్డా మనుషుల కంటే ముందే, ఇంట్లోనే ఒక కథ అల్లేశారు.

టాస్మానియాలో మాత్రం ఇప్పటికీ కొందరు ఒప్పుకోరు. సెయింట్ హెలెన్స్ అనే ఊరి హోటల్లో పనిచేసిన చైనా మూలాల మహిళ కూతురే మెర్ల్ అని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. ఈ నమ్మకం వెంట పడి తీసిన డాక్యుమెంటరీయే 2002లో వచ్చిన ది ట్రబుల్ విత్ మెర్ల్. దర్శకురాలు మారీ డెలోఫ్‌స్కీ టాస్మానియాలో మొదలుపెట్టి చివరికి ఆ తమ్ముడి దగ్గర తేలారు. అంతకుముందు జీవితచరిత్ర రచయిత అడిగినప్పుడు ఆయన ఈ ముక్క దాచారు. డెలోఫ్‌స్కీకి మాత్రం చెప్పారు. మెర్ల్ బతికుండగా ఒకసారి కలుద్దామని ఆయన లాస్ ఏంజెలెస్ కూడా వెళ్లారు. ఆమె కలవడానికి ఒప్పుకోలేదు.