ఒట్టో వాలాక్

ఒట్టో వాలాక్ (మార్చి 27, 1847 - ఫిబ్రవరి 26, 1931) సుప్రసిద్ధ జర్మన్ రసాయన శాస్త్రవేత్త. 1910లో నోబెల్ బహుమతి పొందాడు. నాటి ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో జన్మించాడు. 1869లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు అందుకొని, అనంతరం బాన్‌లో కెకూలే వద్ద చేరాడు.

బాన్ ప్రయోగశాల బీరువాలో ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని సుగంధ తైలాల సీసాలుండేవి. వాటిపై పరిశోధన ఫలిస్తుందని కెకూలేకు నమ్మకం లేదు. పండ్ల తొక్కలకు, గింజలకు వాసననిచ్చే ఈ తైలాలు సులభంగా ఆవిరయ్యే పదార్థాల మిశ్రమాలు. మరిగే ఉష్ణోగ్రతలు దగ్గరగా ఉండుటచే స్వేదనంతో మాత్రమే వాటిని గుర్తించడం దుస్సాధ్యం. అందువలన ఒకే పదార్థం మొక్కకొక పేరుతో చెలామణి అయ్యేది. వాలాక్ వాటిని హైడ్రోజన్ బ్రోమైడు, నైట్రోసిల్ క్లోరైడు వంటి వాటితో చర్య జరిపి స్ఫటికాలుగా మార్చాడు. స్ఫటికపు ద్రవీభవన స్థానాన్ని బట్టి పదార్థమేదో తేల్చవచ్చు. నారింజలోని హెస్పెరిడీన్, నిమ్మలోని సిట్రీన్ నిజానికి ఒక్కటే, లిమోనీన్ అని ఆ విధంగానే స్థిరపడింది. నేడు గ్యాస్ క్రొమటోగ్రఫీ నిమిషాలలో చేసే పనికి ఆనాడు సంవత్సరాల ఓపిక కావలసి వచ్చింది.

1889లో గొట్టింగెన్ రసాయన సంస్థకు అధిపతి అయ్యాడు. టర్పీనులపై తన కృషిని 1909లో గ్రంథంగా వెలువరించాడు. మొదటి ప్రపంచయుద్ధం ఆయన సహాయకులలో ఆరుగురిని బలిగొన్నది. 1915లో పదవీ విరమణ చేసినా ప్రయోగాలు మానలేదు. గొట్టింగెన్‌లోనే మరణించాడు.