జార్జి వాషింగ్టను కార్వరు

అమెరికా దేశమున మిస్సోరీ రాష్ట్రమందు, డైమండు అను గ్రామమునకు సమీపమున, 1864 ప్రాంతమున ఒక బానిసస్త్రీకి జార్జి జన్మించెను. ఆతని పుట్టినతేదీ నెవ్వరును వ్రాసియుంచలేదు. పసితనముననే దుండగులు తల్లిని, బిడ్డను అపహరించిరి. యజమానియగు మోజెస్ కార్వరు ఒక గుఱ్ఱమునిచ్చి బిడ్డను విడిపించెనని చెప్పుదురు. తల్లి జాడ మఱల తెలియలేదు.

బానిసత్వము తొలగినను, చదువు సులభముగా దొరకలేదు. పరుల బట్టలుతికి, వంటలు చేసి, ఊరూర తిరిగి చదివెను. కాన్సాసునందొక కళాశాల జాబు మూలమున ప్రవేశ మొసగి, ఆతడు నల్లవాడని చూచినంతనే త్రిప్పిపంపెను. 1890లో అయోవా రాష్ట్రమున సింప్సను కళాశాలలో చేరి చిత్రలేఖన మభ్యసించెను. ఆతని చిత్రములలో పూలును మొక్కలును సజీవములవలె నుండెను. అది గమనించిన ఉపాధ్యాయిని ఆతనిని వృక్షశాస్త్రమునకు మరల్చెను. కుంచె విడుచుట ఆతనికి కష్టమే. అయినను తనవారికి ఎక్కువగా ఉపకరించునది సేద్యమని తలచి, 1891లో ఏమ్స్ పట్టణపు వ్యవసాయ కళాశాలకు వెడలెను. ఆ కళాశాలలో నల్లజాతి విద్యార్థి అంతకు పూర్వము లేడు. 1894లో పట్టము పొంది, అచ్చటనే పై చదువునకు నిలిచి, ఆచార్య పామెల్ యొద్ద మొక్కల తెగుళ్లను, బూజుజాతులను పరిశోధించి, 1896లో వ్యవసాయమున మాస్టరు పట్టము నందెను. ఏమ్స్‌లోనే యుండిన సుఖముగా బ్రదుకవచ్చును.

ఆ సమయముననే అలబామా రాష్ట్రపు టస్కిగీ నుండి బుకర్ వాషింగ్టను ఆహ్వానము వచ్చెను. కార్వరు వెడలెను. అచ్చట పరిశోధనశాల లేదు. చెత్తకుప్పలలోని సీసాలను, డబ్బాలను ఏరి పరికరములుగా మార్చుకొనెను. భూమి మఱింత దీనముగా నుండెను. ఏటేట ప్రత్తినే వేయుటవలన సారముడిగి, వానలకు కోసుకొనిపోయి, గండ్లుపడి యుండెను. దానిని సాగుచేయు కౌలుదార్లు అప్పులలో మునిగినవారు. ఎరువును కొనుమని వారికి చెప్పుట పరిహాసమే యగును.

కావున కార్వరు డబ్బులేని ఎరువును వెదకెను. అడవిలో రాలిన ఆకులు, చిత్తడినేలల నల్లని బురద, పశువుల పెంట కలిపి కుళ్లబెట్టి పొలమునకు తోలించెను. అలసందలు, వేరుసెనగలు మార్చి మార్చి వేయించెను. వీని వేళ్ల బుడిపెలయందలి సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకందించును. వేళ్లు, ఆకులు నేలలో కలిసినపుడు అది నేలకును చేరును. ఇట్లు సాగిన పనిని గూర్చి 1905లో, వట్టిపోయిన నేలలను బాగుచేయు విధానమును తెలుపు చిన్న పుస్తకమును ప్రకటించెను. చదువురాని రైతులకై 1906లో పనిముట్లు, విత్తనములు నింపిన బండిని పల్లెలకు నడిపించిరి.

వేరుసెనగ వెన్నను ఆతడే కనిపెట్టెనని పలువురు చెప్పుదురు; అది నిజము కాదు. ఆ పంటకు నూరులకొలది ఉపయోగములను చూపినమాట మాత్రము సత్యము. పండిన గింజలు అమ్ముడుపోనిచో రైతు మరల ప్రత్తికే పోవును గదా!

టస్కిగీలో నలువదియేడేండ్లు పనిచేసి, కూడబెట్టిన ధనమును పరిశోధనకై విడిచి, 1943 జనవరి 5వ తేదీన కార్వరు మరణించెను. ఆతనిని బుకర్ వాషింగ్టను సమాధి ప్రక్కనే పూడ్చిరి.