పాస్టరు పండితుడును చేమిరి చుక్కయు

రాత్రివేళ తల్లి గోరువెచ్చని పాలలో ఒక చుక్క చేమిరి వేయును. తెల్లవారునప్పటికి పాలు పెరుగై యుండును. ప్రతి యింటను జరుగు ఈ పనిలోని రహస్యమును లోకమునకు దెలిపిన మహనీయుడు లూయీ పాస్టరు. ఆయన జీవితమునకును, ఊరి మురుగును శుద్ధిచేయు విద్యకును గల సంబంధమును మన విద్యార్థుల కెఱింగింప దలచితిమి.

పాస్టరు 1822వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీని ఫ్రాన్సు దేశమందలి డోల్ పట్టణమున జన్మించెను. తండ్రి తోళ్లు పదునుచేసి జీవించువాడు. ఉపాధ్యాయులను తయారుచేయుటకై పారిసున స్థాపింపబడిన ఎకోల్ నార్మాల్ విద్యాలయమున పాస్టరు చదివెను. 1854లో లీల్ పట్టణమున విజ్ఞానశాస్త్ర శాఖకు అధిపతి యయ్యెను. రెండేండ్లకు, బీటుదుంపల రసమునుండి సారాయి తీయు వర్తకుడొకడు తన తొట్లు చెడిపోవుచున్నవని ఆయనను శరణుజొచ్చెను. సూక్ష్మదర్శినితో జూడగా, మంచి తొట్లలో గుండ్రని జీవులును, చెడిన తొట్లలో సన్నని పుల్లలవంటి జీవులును కానవచ్చెను.

1857లో ఆయన పులిసిన ద్రవమునుండి బూడిదరంగు మడ్డిని రవంత తీసి క్రొత్త పంచదార నీటిలో వేయగా, అదియు పులిసెను. ఇది మన తల్లులు వేయు చేమిరి వంటిదే. ఒక్కొక్క పులుపునకు ఒక్కొక్క జీవి కారణమని ఆయన గ్రహించెను. 1861లో ఇంతకంటె వింతను కనుగొనెను. చెడిన వెన్నకు కంపు కలిగించు ఆమ్లమును పుట్టించు జీవులను పరీక్షించుచుండ, ద్రవపు చుక్క అంచున గాలి తగులుచోట అవి కదలిక మానెను. నడుమనున్నవి చురుకుగ కదలుచుండెను. గాలిలేకయే జీవించు ప్రాణులు కలవని ఇట్లు తేటపడెను.

ఆయన గృహమునకు దుఃఖము తప్పలేదు. పెద్దకుమార్తె జాన్ 1859లో టైఫాయిడు జ్వరముచే మరణించెను. 1865లో పసిబిడ్డ కమీల్ గతించెను. మఱుసటి యేడు సెసీల్ సహితము టైఫాయిడుచేతనే కన్నుమూసెను. మలముచే చెడిన నీటివలనను ఆహారమువలనను ఈ జ్వరము వ్యాపించును. మురుగును శుద్ధిచేయు పని యెంత అవసరమో ఈ రెండు చిన్న సమాధులే చెప్పుచున్నవి.

1868లో పక్షవాతము వచ్చి ఎడమప్రక్క చచ్చుబడినను ఆయన పని మానలేదు. 1885లో పిచ్చికుక్క కరచిన బాలుని టీకాతో రక్షించెను. 1895 సెప్టెంబరు 28వ తేదీని పరమపదించెను.

మురుగుతొట్టిని పాస్టరు నిర్మింపలేదు. కాని ఆయన మరణించిన సంవత్సరముననే ఇంగ్లండులోని ఎక్సిటరు పట్టణమున డొనాల్డు కామెరాన్ అను ఇంజనీరు మురుగును మూసిన తొట్టిలో నిలిపి, అందు పుట్టిన వాయువుతో దీపములు వెలిగించెను. 1897లో మన బొంబాయి మాటుంగాలోని కుష్ఠరోగుల ఆశ్రమమున అట్టి వాయువును పట్టి యంత్రమును నడిపిరి.

ఇట్టి తొట్టిలో జరుగు పనిని వివరింతము. మురుగుమడ్డిని గాలి చొరకుండ మూసి యుంచగా, కొన్ని జీవులు దానిని కరగించును; కొన్ని ఆమ్లములుగ మార్చును; కడపటి తెగవి మీథేనను మండు వాయువును పుట్టించును. ఈ కడపటివి మెల్లగ పెరుగును. ఇవి వెనుకబడినచో ఆమ్లము పేరుకొని తొట్టి పని నిలిచిపోవును. కావున చక్కగ పనిచేయుచున్న పాత తొట్టి మడ్డిని కొంత తెచ్చి క్రొత్తదానిలో కలుపుదురు. ఎంపికచేసి పెంచిన మేలి జీవులను చేర్చుటయు నేడు కలదు. అయితే చల్లారిన పాలలో చేమిరి వేసిన ఫలమేమి? సాధారణముగ 35 డిగ్రీల వెచ్చదనమును, ఆమ్లము మితిమీరని స్థితియు లేనిచో వచ్చిన జీవులు నిలువజాలవు.

ప్రియ విద్యార్థులారా! పులిసిన పిండినిగూర్చిన మన ప్రభువు ఉపమానమును మీరెఱుగుదురు. కొంచెమైనను మంచిదానిని చేర్చుడు. అది పెరుగుటకు తగిన చోటును సిద్ధపరచుడు. పాఠశాలలోను, ఇంటిలోను, ఊరిలోను ఈ రెండును కూడినప్పుడే మేలు కలుగును.