క్లౌ దొరగారు

మన బిట్రగుంటకు తూర్పున, సముద్రం దాపున బకింగ్‌హాం కాలువ ఉంది కదా. ఒంగోలు వైపు దాంట్లో మూడున్నర మైళ్ళు తవ్వించిన జాన్ క్లౌ దొరగారి గురించి రాస్తున్నాను.

ఆయన 1836లో అమెరికాలో పుట్టారు. కుర్రతనంలో భూమి కొలిచే సర్వే పని నేర్చుకున్నారు. 1865లో నెల్లూరు వచ్చి, మరుసటి ఏడు ఒంగోలు చేరారు. 1876-78లో పెద్ద కరువు వచ్చింది. జనం ఆకలికి చచ్చిపోతున్నారు. దొరగారు ఒట్టి ప్రార్థన చేసి ఊరుకోలేదు. కాలువ కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇచ్చారు.

బాప్తిస్మం ఇమ్మని ఎందరో అడిగారు. కూటి కోసం వస్తే అది ఆరాధన కాదని, కరువు సాయం జరిగినన్నాళ్ళూ ఆయన ఇవ్వలేదు. సాయం ఆగిపోయినాక కూడా వాళ్ళు వచ్చారు! 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది తెలుగు బోధకులే, దొరగారు కాదు. పేరు తనకి రాకూడదు, మహిమ దేవుడికే పోవాలనుకున్నారని నాకనిపిస్తుంది.

ఆయన 1910లో చనిపోయారు.

దేవుడి మహిమ తలచుకునేవాళ్ళు ఆకలితో ఉన్నవాళ్ళతో బేరం పెట్టరు. మనం కూడా ప్రార్థనలో గట్టిగా పాడితే చాలదు. జరం వచ్చిన పిల్లకి గంజి తెచ్చిపెట్టాలి, అదీ పాటే.